అల్లుడి చేతికి ఏ వాచీ?

(హోసూరులో పెళ్లీడు పిల్లలున్న తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం ‘క్రైస్తవ వివాహం – నేటి సవాళ్లు’. అంత పెద్ద అంశం ఎత్తుకుంటే భోజనాల వేళకు సగంమంది కునుకు తీస్తారు. అందుకని దాన్ని కుదించి ఒక్క వస్తువు దగ్గరికి తెచ్చాం. వాచీ. కాబోయే అల్లుడికి ప్రధానం నాడు మనం పెట్టే వాచీ.

నవ్వకండి. ఈ ఏడాది మా ఇంటికి సలహాకు వచ్చిన కుటుంబాల్లో మూడు కుటుంబాలు ఇదే అడిగాయి. “అయ్యగారూ, అల్లుడికి మంచి వాచీ పెడదామనుకుంటున్నాం, ఏది కొనమంటారు?” అని. వాచీ గురించి పాస్టరును ఎందుకు అడగాలి? అంగడివాణ్ణి అడగొచ్చు, ఫోనులో వెతుక్కోవచ్చు. మమ్మల్ని అడుగుతున్నారంటే లోపల ఇంకేదో గుచ్చుకుంటోందన్నమాట. మేమూ, పాస్టరమ్మగారూ కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగితే ఆ ముల్లు కాసేపటికి బయటికొచ్చింది. ఈ రోజు రెండిటి గురించీ మాట్లాడతాం. వాచీ గురించీ, ముల్లు గురించీ.

ఈ మాట చెప్పుకోవడానికి హోసూరుకంటే తగిన ఊరు లేదు. 1984లో టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటన్ కంపెనీ పెట్టి ఇక్కడే ఫ్యాక్టరీ కట్టారు. ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులో అప్పటికే హెచ్ఎంటీ గడియారాలు తయారవుతున్నాయి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన పని అది. జనతా, సోనా, పైలట్, కోహినూర్ – ఈ పేర్లు వింటే ఇక్కడున్న పెద్దల్లో కొందరి చెయ్యి దానంతటదే మణికట్టు మీదికి పోతుంది. ఆ గడియారాల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. టైటన్ ఇంకా నడుస్తోంది. ఈ రెండు చోట్లా వాచీ లోపలి చిన్న చిన్న ముక్కల్ని భూతద్దంలో చూస్తూ అమర్చినవాళ్లలో ఆడపిల్లలు చాలామంది. పల్లెల నుంచి వచ్చి, బెంచీ ముందు తల వంచుకుని, ఊపిరి బిగబట్టి పనిచేసినవాళ్లు. ఒక ఆడపిల్ల వేళ్లు అమర్చిన వాచీ కోసం ఇంకో ఆడపిల్ల తల్లి మెడలో గొలుసు తాకట్టుకు పోతోంది. మా సంఘంలో ఒక అక్క వాచీ బెంచీ మీద పనిచేసి పెద్దదయింది. “అయ్యగారూ, నా పెళ్లికి మా నాయన అప్పు చేసి కొన్న వాచీ నా చేతి మీదుగా పోయిందేనేమో” అని ఆమె నవ్వుతూ అంది. మాకు నవ్వు రాలేదు.

పెద్దలకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు పెళ్లికొడుకు లాంఛనమంటే మూడు వస్తువులు: వాచీ, సైకిలు, రేడియో. అప్పట్లో వాచీకి ఒక పని ఉండేది. షిఫ్టు సైరనుకు, రైలు టైముకు అది కావాలి. ఇప్పుడు టైము ఫోనులోనే ఉంది. కాబట్టి ఈనాటి వాచీ టైము చూసుకోవడానికి కాదు. టైము చూసే నెపంతో ఎదుటివాళ్లకు చూపించుకోవడానికి.

సరే, ముందు వాచీ సంగతి సూటిగా చెప్పేస్తాం. తెలియకపోతే అంగట్లో మోసపోతాం.

వాచీలు ముఖ్యంగా రెండు రకాలు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ ఒకటి, స్ప్రింగుతో నడిచేది ఇంకొకటి. స్ప్రింగు రకంలో కొన్నిటికి రోజూ మనం కీ ఇవ్వాలి, కొన్ని చెయ్యి కదలికకు వాటంతటవే కీ ఎక్కించుకుంటాయి. వాటినే ఆటోమేటిక్ అంటారు. ఖరీదైనవన్నీ దాదాపు ఇవే. తమాషా ఏమిటంటే, టైము చూపించడంలో చవకైన క్వార్ట్జే గట్టిది. దాని తేడా మామూలుగా నెలకు పదిహేను సెకన్ల దాకా ఉంటుంది. స్విస్ పరీక్ష నెగ్గి క్రోనోమీటర్ పట్టా పొందిన యంత్రానికి కూడా రోజుకు నాలుగు సెకన్లు వెనక్కో, ఆరు సెకన్లు ముందుకో పోయే వీలు ఇచ్చారు. సీకో కంపెనీ మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అంగట్లోకి తెచ్చింది 1969 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున. ఆ దెబ్బకు స్విట్జర్లాండులో ఎన్నో కంపెనీలు మూతపడ్డాయి. మిగిలినవి టైము అమ్మడం మానేసి గొప్ప అమ్మడం మొదలుపెట్టాయి. ఇది మా అభిప్రాయం, వాచీల ప్రేమికులు ఒప్పుకోరు.

ఆటోమేటిక్ వాచీని తీసి రెండు మూడు రోజులు బీరువాలో పెడితే ఆగిపోతుంది. కొన్నేళ్లకొకసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. పెద్ద కంపెనీల్లో ఆ సర్వీసు ఖర్చుతోనే ఒక మంచి మామూలు వాచీ వస్తుంది. అంటే మామగారు పెట్టిన కానుక అల్లుడికి ఏళ్ల తరబడి ఖర్చు పెడుతుంది. డయలు మీద 30 మీటర్లు అని రాసి ఉంటే నీళ్లలో దూకొచ్చని అనుకోవద్దు, చెయ్యి కడుక్కున్నప్పుడు చినుకులు పడితే తట్టుకుంటుందని మాత్రమే. ఈత కొట్టే పిల్లవాడైతే 100 మీటర్లది చూడండి. సఫైర్ గ్లాసైతే అంత సులువుగా గీతలు పడవు. మన పిల్లల మణికట్టు సన్నం, 44 మిల్లీమీటర్ల డయలు పెడితే గోడ గడియారం కట్టుకున్నట్టుంటుంది. 38 నుంచి 40 చాలు. బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు, దాని మీద సీరియల్ నంబరు మూడూ చూసి తీసుకోండి. ‘ఫస్ట్ కాపీ’ అనే నకిలీ వైపు వెళ్లకండి. అబద్ధాన్ని ప్రార్థన చేసి ఇవ్వడం బాగుండదు. రెండు లక్షలు దాటితే పాన్ నంబరు అడుగుతారు. పది లక్షలు దాటిన చేతి గడియారం మీద 2025 ఏప్రిల్ నుంచి ఒక శాతం పన్ను అమ్మేటప్పుడే వసూలు చేస్తున్నారు. ఆ మెట్టు దాకా వెళ్లేవాళ్లు ఈ హాల్లో లేరనుకుంటున్నాం. ఉంటే సంఘ భవన నిధి గురించి తరువాత మాట్లాడదాం.

ఇంకొక చిన్న సంగతి. స్విస్ వాచీ పరిశ్రమకు మన సంస్కరణ చరిత్రతో చుట్టరికం ఉంది. 1541లో కాల్విన్ జెనీవాకు తిరిగి వచ్చాక నగల మీద, ఆడంబరం మీద ఆంక్షలు బిగిశాయి. పని తగ్గిన కంసాలులు గడియారాల వైపు మళ్లారని చరిత్రకారులు చెబుతారు. ఫ్రాన్సులో హింసకు పారిపోయి వచ్చిన హ్యూగెనోట్ విశ్వాసుల్లో గడియారాల పనివాళ్లు ఉన్నారు. 1601కల్లా అక్కడ గడియారాల వాళ్ల సంఘం ఏర్పడింది. నగలు వద్దన్న ఊరిలోనే అన్నిటికంటే ఖరీదైన నగ పుట్టింది. మగవాళ్లు సిగ్గుపడకుండా పెట్టుకోగలిగే నగ. సెమినరీలో కాల్విన్ గురించి చాలా చదివాం గాని, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఇక ముల్లు దగ్గరికి వద్దాం.

ఆ మూడు కుటుంబాల్లో మొదటిది. వాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా చెబుతున్నాం. తండ్రి సిప్కాట్‌లో ఒక చిన్న యూనిట్‌లో లేత్ మీద పనిచేస్తాడు. అమ్మాయి నర్సు. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మన తెలుగువాళ్లే, మంచి విశ్వాసుల కుటుంబం. కట్నం మాటే ఎత్తలేదు. సంతోషమే. ప్రధానానికి మూడు వారాల ముందు అబ్బాయి మేనత్త వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. వాచీ ఫొటో. కింద ఒక మాట: మా పెద్దబ్బాయికి వాళ్ల మామగారు పెట్టింది ఇదీ, ఊరికే చూస్తారని పంపా. ధర చూస్తే మూడు లక్షల పైన. తండ్రి ఫోను చేస్తే అవతలి నుంచి వచ్చిన జవాబు మనందరికీ కంఠస్థమే. “అయ్యో, మేమేం అడగలేదండీ. మీ అమ్మాయి, మీ అల్లుడు, మీ ఇష్టం.”

అన్నలారా, మన భాషలో ఇంతకంటే ఖరీదైన వాక్యం లేదు. అడిగితే కాదనొచ్చు, బేరమాడొచ్చు. అడగనివాళ్లను ఏమని కాదంటాం? ‘మీ ఇష్టం’ అన్న తరువాత తగ్గితే మన ఇష్టం తగ్గినట్టు, మన బిడ్డ మీద మన ప్రేమ తగ్గినట్టు. ఆ తండ్రి గొలుసు తాకట్టుకూ, చీటీ ముందే పాడుకోవడానికీ సిద్ధపడి, ఏ మోడలు తీసుకోవాలో అడగడానికి మా దగ్గరికి వచ్చాడు.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఈ ఫొటోను ఎలా చూస్తుందో ఆయనకు చెప్పాం. పెళ్లికి సంబంధించి, పెళ్లికి ముందు గాని, పెళ్లిలో గాని, తరువాత గాని, నేరుగా గాని పరోక్షంగా గాని ఇచ్చిందీ, ఇస్తానని ఒప్పుకున్నదీ కట్నమే. ‘పరోక్షంగా’ అన్న మాట చట్టంలోనే ఉంది. పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. శిక్ష అయిదేళ్లకు తక్కువ కాదు. జరిమానా పదిహేను వేలు, లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అది. మరి కానుకలకు చోటే లేదా అంటే ఉంది. పెళ్లి సమయంలో ఎవరూ అడగకుండా ఇచ్చినవి, ఆచారంగా వస్తున్నవి, ఇచ్చేవాళ్ల స్తోమతకు మించనివి, జాబితాలో రాసినవి అయితే చట్టం అడ్డుచెప్పదు. జాబితా ఎలా ఉండాలో 1985 నిబంధనల్లో ఉంది. వస్తువేమిటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు, వాళ్ల చుట్టరికమేమిటి రాసి, కింద పెళ్లికూతురు, పెళ్లికొడుకు సంతకాలు చేయాలి.

అదే చట్టంలో ఆరో సెక్షను ఒకటుంది, దాన్ని మన సంఘాల్లో ఎవరూ చదవరు. కట్నంగా తీసుకున్నది ఎవరి చేతిలో ఉన్నా అది పెళ్లికూతురిదే. పెళ్లికి ముందు తీసుకుంటే పెళ్లయిన మూడు నెలల్లోగా ఆమెకు అప్పజెప్పాలి. అంటే ఫొటో పంపి రాబట్టిన వాచీ చట్టం దృష్టిలో ఆ నర్సు అమ్మాయిది. అల్లుడు దాన్ని మోస్తున్నాడంతే. ఇది చెబితే ఆ తండ్రి మొదటిసారి నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. “నేనే ఆయన్ను అడుగుతాను” అంది.

అడిగింది. అబ్బాయి ముందు, అవన్నీ అమ్మావాళ్లు చూసుకుంటారు, మనకెందుకు అన్నాడు. ఈ ఒక్క జవాబుకే సంబంధం వద్దనుకున్న ఆడపిల్లలు మాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టం. ఈ అమ్మాయి ఇంకోసారి అడిగింది. మా అమ్మ గొలుసు తాకట్టులో ఉంటే నువ్వు ఆ వాచీ కట్టుకుని చర్చికి రాగలవా అని. రెండు రోజులు అతని దగ్గర్నుంచి ఫోను లేదు. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. మూడో రోజు అతనే హోసూరు వచ్చాడు. మామగారితో కలిసి అంగడికి వెళ్లి, ఇక్కడ తయారైన వాచీ ఒకటి తానే ఎంచుకున్నాడు. తొమ్మిది వేల చిల్లర. ప్రధానం నాడు మేనత్త అతని చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి ధరెంత అని అడిగింది. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పటి నుంచి ఆవిడ మాతో మాట్లాడటం లేదు. ఆమె కోసం ప్రార్థన చేస్తున్నాం.

రెండో కుటుంబం సంగతి కొంచెం కష్టం. ఆయన కాంట్రాక్టరు, అప్పు అక్కర్లేదు. అవతలివాళ్లు నిజంగానే అడగలేదు. ఆయనకే సరదా. అయిదారు లక్షల స్విస్ వాచీ మనసులో పెట్టుకుని వచ్చాడు. “నా కష్టార్జితం, నా అల్లుడు, ఇందులో పాపమేముంది అయ్యగారూ?” అన్నాడు. నిజాయితీగల ప్రశ్న. దానికి చట్టం చాలదు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం మీకు తెలుసు. మంచి బట్టలు, వేలికి బంగారు ఉంగరం పెట్టుకుని సమాజమందిరంలోకి వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి పక్కన నిలబెట్టడం గురించి అపొస్తలుడు గట్టిగా మాట్లాడతాడు. గమనించండి, అక్కడ చీవాట్లు ఉంగరం పెట్టుకున్నవాడికి కాదు. ఆ ఉంగరాన్ని చూసి కుర్చీ వేసిన సంఘానికి. మేము ఆ కాంట్రాక్టరు అన్నతో అన్నది ఇదే. నీ వాచీ నీ అల్లుడి చేతి మీదే ఉండిపోదు. ఫొటో అవుతుంది. వచ్చే సంవత్సరం ఎవరో మేనత్త దాన్ని ఒక లేత్ పనివాడికి పంపుతుంది. నువ్వు ప్రేమతో పెట్టిందే వెనక బెంచీలో కూర్చున్నవాడికి వాయిదా కట్టాల్సిన అప్పవుతుంది. 2022లో ఈ దేశంలో కట్నం చావుల కింద నమోదైన కేసులు 6,400కు పైనే. వాటిలో ఏదీ వాచీతో మొదలై ఉండదని ఎవరైనా ప్రమాణం చేయగలరా?

“అయితే నా డబ్బు నేనేం చేసుకోవాలి?” అన్నాడు. మేము కాలేబు దగ్గరికి తీసుకెళ్లాం.

బైబిలులో పెళ్లి కానుకల దారి మన దారికి ఎదురు. ఆదికాండం 24లో అబ్రాహాము దాసుడు బావి దగ్గర బంగారు ముక్కుకమ్మీ, కడియాలూ ఇచ్చింది రిబ్కాకు. యాకోబు చేతిలో ఏమీ లేక రాహేలు కోసం ఏడేళ్లు గొర్రెలు కాశాడు. ఇది మనకు మరీ కొత్త కాదు. మన తెలుగు కులాల్లో చాలావాటిలో, ముఖ్యంగా ఒళ్లు వంచి పనిచేసిన కులాల్లో, ఒకప్పుడు ఓలి ఉండేది. మగపెళ్లివారే ఇచ్చేవారు. ఆడపిల్ల పనిచేసే చేతులకు ఒక విలువ ఉందని ఒప్పుకోవడం అందులో ఉంది. ఆడపిల్లను కొన్నట్టే కదా అనే విమర్శా ఉంది, అదీ న్యాయమే. మగపిల్లలకు చదువులు, ఉద్యోగాలు వచ్చాక దారి తిరగబడింది. పైవాళ్లు చేస్తున్నదే మర్యాద అనుకుని కట్నం నేర్చుకున్నాం. సువార్త మనకు నేర్పింది కాదు అది. కోలారు గనుల లైన్లలో గాని, సోలాపూరు మగ్గాల వీధుల్లో గాని, బరంపురంలో గాని, యానాంలో గాని, ఊరు దాటి వచ్చిన మన తెలుగువాళ్లు భాషను ఎంత పట్టుదలగా మోసుకెళ్లారో దీన్నీ అంతే మోసుకెళ్లారు.

కాలేబు మాట. యెహోషువ 15లో ఆయన తన కూతురు అక్సాను ఒత్నీయేలుకు ఇచ్చాడు. అల్లుడికి ఏ కానుక పెట్టాడో అక్కడ రాయలేదు. కూతురు గాడిద దిగి, నువ్వు నాకిచ్చింది ఎండు నేల, నీటి ఊటలు కూడా కావాలి అని నోరు తెరిచి అడిగింది. ఆయన పై ఊటలూ, కింది ఊటలూ రెండూ ఇచ్చాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే బోరు ఉన్న పొలం రిజిస్టరు చేసిచ్చాడు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో కూతురికీ కొడుక్కీ సమాన భాగం. కేరళలో మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచింది ఈ హక్కు కోసమే. మనకు ఆ పోరాటం కూడా అక్కర్లేదు, హక్కు చేతిలోనే ఉంది. అయినా మన ఇళ్లలో ఏమంటున్నాం? “నీ పెళ్లికి పెట్టాం కదమ్మా, ఇంక ఇంటిలో భాగమేమిటి?” అంటున్నాం. పెట్టిందేమిటో చూస్తే అల్లుడికి వాచీ, ఆడపడుచులకు చీరలు, ఆరువందల మందికి బిర్యానీ. అందులో ఆమెదేదీ లేదు.

కాంట్రాక్టరు అన్న వెంటనే ఒప్పుకున్నాడని చెబితే బాగుండేది. నెల రోజులు ఆలోచించాడు. చివరికి బాగలూరు రోడ్డులో ఉన్న చిన్న స్థలం కూతురి పేరున రాశాడు. వాచీ కూడా కొన్నాడు. అనుకున్నది కాదు, అందులో పదో వంతు ధరది. దానికీ మేము మూతి ముడిచాం గాని, పాస్టరమ్మగారు “ఇక చాలు, ఊరుకోండి” అన్నారు.

మూడో ఇల్లు తండ్రి లేని ఇల్లు. తల్లి బీరువాలోంచి భర్త హెచ్ఎంటీ సోనా తీసి, ఇది పెడితే అవమానంగా ఉంటుందా అని అడిగింది. నూనె వేయించి కొత్త స్ట్రాపు కట్టించమన్నాం. అలాంటివి బాగుచేసే ముసలి చేతులు బెంగళూరులో ఇంకా ఉన్నాయి. కొత్త అల్లుడు రోజూ దానికి కీ ఇస్తున్నాడట.

మగపిల్లల తల్లిదండ్రులతో ఒక మాట. ఈ రోజు ఎక్కువమంది ఆడపిల్లల తల్లిదండ్రులే వచ్చారు, అదే మా ఫిర్యాదు. ముల్లు వేసేది ఒకరైతే తీసుకునే పాఠం ఇంకొకరికి చెబుతున్నాం. మీకు తెలిసినవాళ్లకు చెప్పండి. ఆడపెళ్లివారు నోరు తెరవకముందే మీరే ఫోను చేసి, “మా వాడికి వాచీ ఉంది, మీరేమీ కొనొద్దు, అమ్మాయికి మేమేం పెట్టమంటారు?” అని అడగండి. ‘మీ ఇష్టం’ అనకండి.

మా సంఘంలో ఈ ఏడాది నుంచి ఒక పద్ధతి పెట్టాం. పెండ్లి ప్రకటన మొదటి ఆదివారం చదవాలంటే, దరఖాస్తుతో పాటు కానుకల జాబితా ఖాళీ కాగితం ఇస్తాం. ప్రధానం నాటి కానుకలూ అందులోనే రాయమంటున్నాం. పెళ్లి రోజున రిజిస్టరులో సంతకాలు పెట్టే బల్ల మీదే దాని మీదా సంతకాలు. ఒక నకలు అమ్మాయి దగ్గర, ఒకటి అబ్బాయి దగ్గర, ఒకటి సంఘం ఫైల్లో. కొందరు పెద్దలు కోపగించారు. పోలీసు స్టేషనా ఇది అన్నారు. ఇప్పటికి నాలుగు పెళ్లిళ్లు జరిగాయి. నాలుగింటిలోనూ వాచీ అన్న గడిలో ధర రాయాల్సి వచ్చేసరికి ఆ ధర ముందు అనుకున్నదానికంటే తగ్గింది.

ఆ జాబితా నమూనాలు తెలుగులో, తమిళంలో, కన్నడలో తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం. మీ సంఘానికి కావలసినన్ని తీసుకెళ్లండి. ఎవరింట్లోనైనా ఇప్పటికే ఫొటో వచ్చి ఉంటే, భోజనాలయ్యాక మేము వెనక గదిలో ఉంటాం, రండి. అమ్మాయిని కూడా తీసుకురండి.